టైము ముట్టుకున్నది ఎవరు

మొన్న మా ఆఫీసులో కరెంటు పోయి వచ్చేసరికి పాత సర్వరు ఒకటి ఎప్పటిదో తేదీ పెట్టుకుని లేచింది. లోపలి బ్యాటరీ చచ్చి చాలాకాలమైంది. కొత్తది తెప్పిద్దామంటే ఈ రంగూన్‌లో ఇప్పుడు అనుకున్నప్పుడు దొరికే వస్తువు ఏదీ లేదు. కొత్తగా చేరిన అమ్మాయి తేదీ సరిచేయబోయి, పొరపాటున వచ్చే ఏడాది కొట్టి, నాలిక కరుచుకుని మళ్లీ ఈ ఏడాదికి తెచ్చింది. అంతే, ఓడల రాకపోకల సమాచారం పంపే ప్రోగ్రాం బిగుసుకుపోయింది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. నడుస్తున్నట్టే కనిపిస్తుంది, పని మాత్రం చేయదు. ఆ అమ్మాయి బర్మీస్‌లో ఏదో గొణుక్కుంటూ దాన్ని చంపేసి మళ్లీ మొదలుపెట్టబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. నాకు తెలియకుండానే నా నోట తెలుగు వచ్చింది.

"ఆగు. టైము ముట్టుకున్నోలు ఎవులు?"

పాపం, ఆ పిల్లకి తెలుగు రాదు. నేనూ అలా మాట్లాడే మనిషిని కాదు. మా ఇంట్లో సగం బర్మీస్, సగం ఇంగ్లీషు, ఇంకా చోటు మిగిలితే తెలుగు. ఆ మాట నాది కాదు, అక్కది. అక్క పోయి ఏడాది దాటింది. ఆ రోజు మిగిలిన పూటంతా నేను పని చేస్తున్నట్టే కూర్చున్నాను గాని, ఏమీ చేయలేదు.

పేరు రాయను. ఈ ఊళ్లో ఇప్పుడు ఎవరి పేరూ కాగితం మీద పెట్టకపోవడమే మర్యాద అయిపోయింది, పోయినవాళ్లదైనా సరే. బర్మా వాళ్లు ఆమె పేరుకు ముందు 'డా' చేర్చి గౌరవంగా పిలిచేవారు. మనవాళ్లకి మాత్రం, ఆమెకంటే పెద్దవాళ్లకి కూడా, అక్కే. ఓడ సరుకులు పంపే మా కంపెనీలో సర్వర్లన్నీ ఆమె చేతిలో ఉండేవి. నేను ఆమె కింద పనిచేసేదాన్ని. కింద అన్నానని విని ఉంటే ఒప్పుకునేది కాదు, "పక్కన అనే పిల్లా" అనేది.

మనిషి పొట్టి. బర్మా ఆడవాళ్లలాగే నడుముకి లుంగీ బిగించి, పైన మగవాళ్ల చొక్కా వేసుకునేది, దానికి జేబులుంటాయని. కళ్లజోడుకి నల్లదారం. బుగ్గన ఎప్పుడూ కిళ్లీ. యంత్రం ఏదైనా మొరాయించిందంటే తిన్నగా కీబోర్డు దగ్గరకు వెళ్లేది కాదు. ముందు డబ్బా మీద అరచెయ్యి పెట్టేది, పిల్లలకి జ్వరం చూసినట్టు. కిళ్లీ నమలడం ఆగిందంటే ఆలోచిస్తోందని అర్థం. మళ్లీ నమలడం మొదలయ్యిందంటే దొరికిందని అర్థం. ఈ రెండింటి మధ్య ఎవరైనా మాట్లాడితే వేలెత్తి చూపించేది, మాట రాదు కదా నోట్లో అదున్నప్పుడు.

బిగుసుకున్న ప్రోగ్రాంని చంపేసి మళ్లీ మొదలుపెట్టడం మా అందరికీ అలవాటు. అక్కకి అది పరమ అసహ్యం. "సంపీడం ఎవుడైనా సేస్తాడు. అది ఏటి కోసం కూకుందో ముందు అడుగు" అనేది. అడగడమంటే ఏముంది, ఆ ప్రోగ్రాం ఎక్కడ ఆగిందో, దేని కోసం ఆగిందో చూపించే ఆజ్ఞలుంటాయి. నేను చేరిన కొత్తలో ఒకసారి ఓపికగా చెప్పింది.

"ప్రోగ్రాం గడియారం సూసి 'పదింటికి లెగుస్తాను' అని తొంగుంటాది. తొమ్మిదీ ముప్పావుకి నువ్వెల్లి ముల్లు తొమ్మిదికి తిప్పీసినావు. ఇంక అది తొంగునే ఉంటాది. సచ్చిపోనేదు, బద్దకమూ కాదు. గడియారం మాట నమ్మింది, అంతే. మరి తప్పు ఎవులిది?"

"తిప్పినవాళ్లది."

"అందుకే ముందు ఆలెవులో అడగాల."

అప్పట్లో మాకో మేనేజరు ఉండేవాడు. ఓడ బిల్లు ఒకటి ఒక రోజు ఆలస్యమైంది. దాని మీద నిన్నటి తేదీ పడితే గొడవ ఉండదని, ఎవరికీ చెప్పకుండా సర్వరు గడియారాన్ని ఒక రోజు వెనక్కి తిప్పాడు. బిల్లు వచ్చింది, ఆయన సంబరం ఆయనది. తెల్లారేసరికి ఆఫీసులో ఒక్క ప్రోగ్రామూ కదలడం లేదు. ఆయన నా టేబుల్ పక్కనే నిలబడి "నెట్‌వర్క్ ప్రాబ్లం అయి ఉంటుంది" అంటున్నాడు. అక్క వచ్చింది. డబ్బా మీద చెయ్యి వేసింది. నమలడం ఆగింది, మొదలయ్యింది. హాలంతా వినబడేలా అడిగింది: "టైము ముట్టుకున్నోలు ఎవులు?" తెలుగు వచ్చినవాళ్లం ముగ్గురమే ఉన్నాం, అయినా అందరికీ అర్థమైంది. మేనేజరు కిటికీలోంచి నదిని చూస్తున్నాడు. అప్పుడు ఆయన వైపు తిరిగి, పేరుకు ముందు గౌరవంగా 'ఊ' కూడా పెట్టి, చక్కటి బర్మీస్‌లో చెప్పింది. యంత్రం నిన్నటిలో ఉందట. మనం ఈరోజులో ఉన్నామట. ఇది నిద్ర లేవాలంటే రేపటిదాకా ఆగాలి కాబట్టి అందరికీ సెలవు ఇప్పించమంది. ఆయన సెలవైతే ఇవ్వలేదు గాని మళ్లీ గడియారం జోలికి పోలేదు.

గడియారం తప్పయితే సరిచేయకూడదని కాదు. "గెంతించకు, నడిపించు" అనేది. అంటే ఒక్కసారిగా లాగి సరైన టైముకి పడేయకుండా, యంత్రం సెకన్లను కొంచెం సాగదీస్తూనో, కొంచెం కుదిస్తూనో మెల్లగా దారిలోకి తేవాలి. లోపల ఎన్ని పనులు ఆ గడియారాన్ని నమ్ముకుని నిద్రపోతున్నాయో మనకి తెలియదు కదా. ఈ విషయంలో ఎంత ఓపికో, ఇంటి విషయాల్లో అంత తొందర. గంజి మరగకముందే దింపేసేది. బస్సు ఆగకముందే దిగేది.

తర్వాత ఆ ఫిబ్రవరి వచ్చింది. సైన్యం రాజ్యం పట్టుకుంది, ఊరు రోడ్డెక్కింది, ఇంటర్నెట్ పోవడం రావడం మొదలై, చివరికి పోవడమే మిగిలింది. మా సర్వర్లు అన్నీ బయటి ప్రపంచంలో ఉన్న గడియారాలను అడిగి తమ టైము సరిచూసుకునేవి. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు. ఒకటి ముందుకు పోతోంది, ఒకటి వెనకబడుతోంది. నాకైతే చేతులాడలేదు. అక్క మాత్రం మూడు చోట్ల అడగడం మొదలుపెట్టింది. సేక్కాన్ రేవులో మోగే కూత ఒకటి. షార్ట్‌వేవ్ రేడియోలో వార్తలకు ముందు వచ్చే పిప్ శబ్దాలు ఒకటి. మూడోది మా ఆఫీసు కింద టీ కొట్టువాడి గోడ గడియారం. మూడూ మూడు రకాలుగా చెప్తే మధ్యదాన్ని పట్టుకునేది.

"ఒక్కన్ని అడిగితే ఆడేటి సెప్తే అదే నమ్మాల. ఇద్దర్ని అడిగితే తగువే. ముగ్గుర్ని అడిగితే కాస్త తెలుస్తాది" అంది.

"ముగ్గురూ తప్పు చెప్తే?"

"అప్పుడు మరేటి సేస్తాం" అని కిళ్లీ ఉమ్మడానికి కిటికీ దగ్గరకు వెళ్లింది.

ఆ రోజుల్లో సాయంత్రం ఎనిమిదింటికి ఊరంతా గిన్నెలూ మూకుళ్లూ కొట్టేది, దయ్యాన్ని వెళ్లగొట్టడానికి కొట్టినట్టు. అక్క ఉండే లమ్మడా పేటలో వీధులు ఇరుకు. అటూ ఇటూ మేడలు, ఒక బాల్కనీలో కొడితే ఎదురు బాల్కనీలో చెవులు గింగురుమంటాయి. అక్క మూడో అంతస్తు వాటాలో గరిటెతో స్టీలు కంచం కొట్టేది. పక్కన ఆమె తమ్ముడు ఖాళీ నూనె డబ్బా కొట్టేవాడు. అతను రేవులో క్రేను నడిపేవాడు. సమ్మెలో దిగి పని మానేశాడు, ఇక వెళ్లలేదు. అక్క కంటే బాగా చిన్నవాడు. తల్లి పోయాక ఆమే పెంచింది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "ఈడొకడున్నాడు సాలదా" అని డబ్బా కొడుతున్న అతన్ని చూపించేది. అతను పళ్లికిలించి ఇంకా గట్టిగా కొట్టేవాడు. ఆ మనిషి మీద ఆమెకున్నది ప్రేమ అని చెప్తే తక్కువే అవుతుంది. ఆమె ప్రాణం అతనిలో ఉండేది.

వానలు పడేవేళకి గిన్నెల చప్పుడు అణిగిపోయింది. కొట్టిన బాల్కనీల కింద సైనికుల ట్రక్కులు ఆగేవి. ఆపైన రోగం వచ్చింది. ప్రపంచమంతా చూసిన రోగమే, కానీ మాకు ఆస్పత్రులు సగం మూసి ఉన్నాయి, డాక్టర్లు సగం మంది సమ్మెలోనో దాక్కునో ఉన్నారు. ఊపిరి అందనివాళ్లకి ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టుకోవాలి. సిలిండరు ఖాళీ అయితే ఎవరికి వాళ్లు మోసుకుంటూ ఊరంతా తిరిగి నింపించుకోవాలి.

మన తెలుగువాళ్ల హాలు ఒకటి ఉంది, పెళ్లిళ్లకీ పండగలకీ వాడుకునేది. దాన్ని చూసుకునే పెద్దాయన్ని అందరం పంచాంగం తాత అంటాం. ఊరి చివర లైంగ్‌థార్యార్ ఫ్యాక్టరీల మధ్య ఒక చోట రోజూ కొన్ని సిలిండర్లు మనవాళ్లకి నింపడానికి ఒప్పుకున్నారు. హాలుకి ఒక పికప్ బండి దొరికింది. కానీ హాలు ముందు గుంపు కడితే సైన్యం వస్తుంది, రోగమూ అంటుకుంటుంది. అప్పుడు అక్క హాల్లో ఉన్న కంప్యూటరు మీద ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. సిలిండరు కావలసినవాళ్లు పేరు చెప్పి ఇంట్లోనే ఉండాలి. వంతు రాగానే ఫోనుకి మెసేజ్ వెళ్తుంది, సిలిండరు పట్టుకురమ్మని. ఇంటర్నెట్ లేకపోయినా మామూలు మెసేజ్‌లు పోతాయి. పావుగంటలో జవాబు రాకపోతే వంతు తర్వాతివాళ్లకు పోతుంది, రానివాళ్లు వరస చివరికి వెళ్తారు. అంత ఆపదలోనూ వరస నడిచింది. ఎవరూ ఎవరినీ తోసుకోలేదు. అది చూసి నాకు అక్క మీద గర్వంగా ఉండేది, చెప్పానా లేదా గుర్తులేదు.

అక్క తమ్ముడికి జ్వరం వచ్చింది. అతని పేరూ అందరిలాగే వరసలో పెట్టింది.

ఆ రోజు నేను గంజి పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. అతను పడుకోలేడు, పడుకుంటే ఊపిరి ఆడదు. దిళ్లు ఎత్తుగా పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. సిలిండరు ముల్లు ఎర్రగీత దగ్గరకు వచ్చింది. అక్క నేల మీద కూర్చుని ఉంది, ఒళ్లో ఫోను. వంతు వచ్చే వేళ అది. ఒకసారి స్క్రీను తుడిచింది. మళ్లీ తుడిచింది. బుగ్గన కిళ్లీ లేదు.

"ఏటక్కా, నీ కంపూటరు నన్ను మర్సిపోనాదేటి?" అన్నాడతను, ఒక్కో మాటకీ ఆగుతూ. నవ్వే ప్రయత్నం చేశాడు.

"నా కంపూటరు ఎవుల్నీ మర్సిపోదు. వస్తాది, కూకో."

నేను హాలుకి ఫోన్ చేద్దామా అన్నాను. వద్దంది. ఆ ఫోను పోయినవాళ్ల ఇళ్ల నుంచి తిథి అడుగుతూ వచ్చే కాల్స్‌తో తీరిక లేకుండా ఉంటుంది, మధ్యలో మనం ఎందుకంది. ముందువాళ్లకి ఆలస్యమైతే మనకీ ఆలస్యమవుతుంది, అంతేనంది. ఆమె రాసిన ప్రోగ్రాం అది. దాన్ని నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతుంది? అలా కూర్చునే ఉంది. ఆమెను చూస్తూ నేనూ కూర్చున్నాను. తమ్ముడి పెదవుల రంగు మారడం ఇద్దరం చూశాం. అప్పుడు లేచింది. పక్కవాటా బర్మా ఆవిడని పిలిచి అతని దగ్గర కూర్చోబెట్టింది. సిలిండరు అడుగంటింది, ఆవిడ ఇంట్లో ఉన్న చిన్నది తెచ్చి అతనికి మార్చి పెట్టింది. మా ఖాళీ సిలిండరు ఇద్దరం చెరోపక్క పట్టుకుని మెట్లు దిగి, రిక్షా ఎక్కి హాలుకి వెళ్లాం.

హాలు బయట పికప్ డ్రైవరు బండి ముందు సీట్లో కునుకు తీస్తున్నాడు. పిలుపు రాకపోతే నింపేచోట ఆలస్యమేమో అనుకున్నాడట. లోపల పంచాంగం తాత కంప్యూటరు ముందు కూర్చుని, భుజానికి చెవి ఆనించి ఫోన్లో మాట్లాడుతున్నాడు. చేతిలో పంచాంగం. స్క్రీను చక్కగా వెలుగుతోంది, ఎర్రర్ ఏమీ లేదు. అక్క వంగి చూసింది. స్క్రీను మూల గడియారం అసలు టైముకి సరిగ్గా గంట వెనక ఉంది.

ఆమె అడిగింది. గొంతు పెంచలేదు. "టైము ముట్టుకున్నోలు ఎవులు?"

"నానే అమ్మా" అన్నాడు తాత ఫోను పెట్టేసి, ఏదో మంచిపని చెప్పినట్టుగానే. "ఇందాకే మన టైముకి పెట్టినాను."

మన టైమంటే ఇండియా టైము. మేము ఇండియాకి గంట ముందుంటాం. మా పంచాంగాలు మాత్రం ఆ ఒడ్డు నుంచే వస్తాయి, శ్రీకాకుళంలో అచ్చయినవి. అందుకని తిథి చూడాలన్నా, నక్షత్రం చూడాలన్నా ఇక్కడి టైములోంచి గంట తీసేసి చూడటం రంగూన్ తెలుగువాళ్ల ఇళ్లలో తాతల నాటి అలవాటు. చిన్నపిల్లలకి కూడా తెలుసు ఆ తీసివేత. మనిషి పోయిన టైముని బట్టే తిథి, ఆ తిథిని బట్టే ఏటేటా పెట్టే తద్దినం, ఇల్లు వదిలి ఉండాలా వద్దా అన్నది నక్షత్రాన్ని బట్టి. ఆ వానాకాలం తాతకి అలాంటి ఫోన్లు పొద్దున్నుంచి రాత్రిదాకా. ఇంటర్నెట్ లేక ఫోన్లో పంచాంగం రావడం లేదు. కాగితంది చూడాలి, ప్రతిసారీ గంట తీయాలి.

"నిన్న ఒకలికి గంట తియ్యడం మర్సిపోనాను తల్లీ" అన్నాడు. "తిది మారిపోనాది. మళ్లీ ఫోన్ సేసి, ఏడుస్తున్నోలికి తప్పయిపోనాదని సెప్పుకున్నాను. పోయినోలికి కూడా అన్నేయం సెయ్యకూడదు గదా. ఇదైతే నాలాగ మర్సిపోదు కదా అని, దీన్నే మన టైముకి పెట్టీసినాను."

కోపం తెచ్చుకోవాలని చూశాను, ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. ఎదురుగా ఉన్నది ఎనభై దాటిన మనిషి, కళ్లకింద నల్లగా, పోయినవాళ్ల కోసం నిద్రమానుకున్నవాడు. ఆ గంటసేపూ ప్రోగ్రాం తాను లేవవలసిన వేళ ఇంకా రాలేదని నిద్రపోతోంది. దానికోసం అరడజను ఇళ్లలో జనం ఫోన్లు చూసుకుంటున్నారు.

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. గడియారాన్ని ఒక్కసారి ముందుకు తోసేస్తే ప్రోగ్రాం లేస్తుంది, కానీ ఆ గంటలో వంతు రావలసిన వాళ్లందరినీ జవాబు ఇవ్వనివాళ్లుగా లెక్కేసి వరస చివరికి పంపేస్తుంది. ఆమె తమ్ముడు కూడా వాళ్లలో ఉన్నాడు. ప్రోగ్రాంని ఆపింది. గడియారం సరిచేసింది. పోయిన గంటలో ఉన్నవాళ్లని తానే ఒక్కొక్కరిగా ఫోన్ చేసి పిలవడానికి కూర్చుంది. తమ్ముడు మూడోవాడు.

"ముందు నీ తమ్ముడిది పంపించెయ్ అక్కా" అన్నాను. ఆమె నా వైపు చూసింది. అప్పటికే మొదటి నంబరు కలిసింది.

"వంతొచ్చినాదమ్మా, సిలిండరు తెస్తారా?" అంది. అవతల మాటలు నాకు వినబడలేదు. కాసేపు విని, "అలగేనమ్మా" అని పెట్టేసింది. "ఆలకి ఇంక అక్కర్నేదట" అంది.

తాత చేతిలో పంచాంగం మూతపడింది. అప్పటిదాకా ఆయనకి ఏం జరిగిందో తెలియదు. అప్పుడు తెలిసింది.

రెండోవాళ్లు దగ్గర్లోనే ఉన్నారు, పరిగెత్తుకు వచ్చారు. ఆ సిలిండరూ మాదీ బండిలో ఎక్కించారు. అక్క నా చేతికి ఫోను ఇచ్చి, మిగిలినవాళ్లని వరసగా పిలవమని చెప్పి, బండి వెనక సిలిండర్ల పక్కన కూర్చుంది. వాన మొదలైంది. ఎవరో టార్పాలిన్ ఇచ్చారు, అది ఆమె కప్పుకోలేదు, సిలిండర్లకీ అక్కర్లేదు, అయినా వాటిమీదే వేసింది.

నేను ఫోన్లు చేశాను. తాత నా ఎదురుగా కూర్చున్నాడు. ఫోను మోగితే ఎత్తడం లేదు.

"ఆ గంటలో ఇంకా ఎవులెవులున్నారమ్మా?" అన్నాడు కొంతసేపటికి.

నేను తర్వాతి నంబరు నొక్కాను. ఇంకేం చేయను?

బండి తిరిగి వచ్చింది. సిలిండర్లు దింపుతుంటే చప్పుడు బట్టే తెలిసిపోయింది. నిండినదానికి ఆ మోత ఉండదు. గేటు మూసేశారట. ఇక బయటివాళ్లకి నింపొద్దని మధ్యాహ్నమే చెప్పారట. అక్కడ ఇంకా చాలామంది నిలబడి ఉన్నారట వానలో. గంట ముందు వెళ్లి ఉంటే నింపేవారా? ఇప్పటికీ నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. ఆ తెలియకపోవడం ఉంది చూశారా, అది మనిషిని వదలదు.

అక్క తడిసి ముద్దయింది. తాత లేచి నిలబడ్డాడు, చేతులు జోడించాడు. ఆమె ఆ చేతులు పట్టుకుని కిందకి దించింది. "కెయ్సా మషీబూ తాతా" అంది. పర్వాలేదు అనడానికి బర్మా మాట అది, కాలు తొక్కినవాళ్లతో కూడా అంటాం. ఆమె ముఖంలో మాత్రం పర్వాలేదన్నది ఏమీ లేదు.

ఇంటికి వెళ్లేసరికి అతనింకా కూర్చునే ఉన్నాడు. పక్కవాటా ఆవిడ విసనకర్రతో విసురుతోంది. అక్క వెళ్లి వెనక కూర్చుని అతన్ని తన గుండెలకి ఆనించుకుంది. ఏదో చెప్తూనే ఉంది చెవిలో, రేవు గురించి, చిన్నప్పటి సంగతులు. నేను ఎవరెవరికో ఫోన్లు చేస్తూనే ఉన్నాను, ఎక్కడైనా ఒక్క సిలిండరు దొరుకుతుందేమోనని. దొరకలేదు. కాసేపటికి ఆమె మాట ఆపింది. బర్మా ఆవిడ గోడ గడియారం చూసి ఆరున్నర అంది మెల్లగా.

కబురు ఎలా వెళ్లిందో, కర్ఫ్యూ వేళ అవకముందే తాత వచ్చాడు. మూడంతస్తులు ఎక్కి వచ్చాడు. పంచాంగం వానకి తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంది. గుమ్మంలోనే ఆగిపోయాడు. ఎవరింటికి వెళ్లినా మొదట అడగవలసిన ప్రశ్న ఒకటే ఆయనకి, ఎన్నింటికి పోయారని. అది అడగడానికి నోరు తెరిచాడు, మూశాడు. నేను లోపలికి రమ్మనలేకపోయాను.

అక్క తమ్ముడి చొక్కా గుండీలు పెడుతోంది. తల ఎత్తలేదు.

"అయిదున్నర, తాతా" అంది.

ఆయన గోడ గడియారం వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"నువ్వు లెక్క కట్టక్కర్నేదు. గంట నానే తీసీసినాను."

తాత గుమ్మానికి జారగిలబడి కూర్చుండిపోయాడు. సంచి విప్పాడు, పుస్తకం తెరిచాడు, పేజీ దొరకడం లేదు. అటు తిప్పుతున్నాడు, ఇటు తిప్పుతున్నాడు, కళ్లలో నీళ్లకి అక్షరాలు ఆనడం లేదు. అక్క చివరి గుండీ పెట్టి లేచి వెళ్లింది. ఆయన పక్కన నేల మీద కూర్చుని ఆ నెల పేజీ తీసి ఇచ్చింది. బాల్కనీలోంచి గాలి కొడుతోంది. ఆయన చదవడం అయ్యేదాకా, పేజీ ఎగిరిపోకుండా వేలు పెట్టి పట్టుకుని కూర్చుంది.